గడ్డిపరక లేని శరణాగతి

గ్రీష్మము గడచియు మేఘలేశమైన గానరాని తామ్రవర్ణాకాశము క్రింద దగ్ధగృహపంక్తులతో చితాభస్మధూసరమై పడియున్న చిత్రగిరి పురమున యుద్ధానంతరము ప్రప్రథమముగా జనము గుమిగూడెను. అది యుత్సవము గాదు. విజేతలగు మువ్వురు రాజులు తమ తమ న్యాయవేత్తలను నియోగించి ఆ పురమున శరణాగతులను వధింపజేసిన పరాజిత సేనాని గండమనాయకుని విచారించుటకై ధర్మాసన మేర్పఱచియుండిరి. అంతకు మున్ను ఓడిన సేనాని శిరస్సు రణరంగముననే తెగిపడుచుండెను. వానిచే బలికించి విని పిదప తీర్పు చెప్పుట యెవ్వరు నెఱుగని వింత.

ధర్మాసనమున కగ్రణి వామదేవపండితుడు. పలితకేశుడు, కృశగాత్రుడు, ఒక్క కుమారుడు దప్ప లోకమున దనవా రెవ్వరును లేనివాడు. ఆ కుమారుడు రణధీరుడు విజేతృసేనలో దళపతియై ఆనాడు సభాద్వారమున ఖడ్గధారియై నిలిచియుండెను.

నోట గడ్డిపరక గఱచి వచ్చినవానిని జంపరాదనుట ఆ దేశముల పూర్వాచారము. గండమనాయకుడు దానినే పట్టుకొనెను.

"అయ్యలారా! నా యెదుటికి వచ్చినవారి నోట గడ్డి లేదు. గుడ్డలుండెను. పైగా నాది రాజాజ్ఞ. ఆజ్ఞ పాటించిన సేవకుని దండించు శాసన మే దేశమున నున్నది?"

అంత సాక్షిగా వచ్చిన నేతగత్తె నీలవ్వ ముందుకు నడచెను.

"గడ్డెక్కడిది నాయకా? నీ గుర్రాలు మా ఇంటికప్పులు సైతం పీకి మేసినాయి గదా! పరక దొరక్కనే మా ఆయన నా కొంగు కరుసుకొని నీ ముందర మోకరించినాడు. గడ్డికీ గుడ్డకీ తేడా కనిపెట్టిందంటే, శానా సదువుకున్న కత్తే నీది!"

ఎవ్వరో నవ్వబోయి యేడ్చిరి.

వామదేవుడు పలికెను. "చూడవలసినది శరణార్థి నోటిలోని చిహ్నమును గాదు, శరణార్థిని. ఆజ్ఞ యిచ్చినవాని పాపము ఆజ్ఞ పాటించినవానిని విడిపింపదు. ఇది తప్పని నీవెఱుగుదువు. ఎఱుగనిచో శవములను నూతిలో వేయించి పూడ్పింపనేల? నీవు దోషివి. ఈ ధర్మము ఖడ్గము పట్టిన ప్రతివానికిని జెల్లును."

గండమనాయకుడు నవ్వెను. "సంతోషము! మా దేశమున పెన్నవాడ యను నూరి జనులును మీ సేన యెదుటికి గుడ్డలే కఱచి వచ్చిరి. వారిపై గుఱ్ఱములు తోలించిన దళపతి యదిగో, మీ వాకిటనే నిలిచియున్నాడు."

తక్కిన న్యాయవేత్త లిరువురును వామదేవుని చెవిచెంతకు వంగిరి. "గెలిచినవారిని విచారింప మనము రాలేదు. ఇంతటితో లేచిపోదము."

వామదేవుడు లేవలేదు. కుమారునివంక జూచెను. రణధీరుడు తండ్రివైపు ఒక్కడుగు వేసెను.

"నాన్నగారూ, ప్రభువులే వారిపైకి పొమ్మన్నారు. నేనేం చెయ్యను?"

"ఆ మాటకు దీర్పు ఇప్పుడే చెప్పితిని నాయనా. కత్తి అక్కడ పెట్టి, నాయకుడు నిలిచిన చోట నిలువుము."

ఖడ్గము రాతినేలపై మ్రోగెను. వెలువడనున్న యార్తనాదమును అణచుకొనుటకై వృద్ధుడు తన యుత్తరీయపు కొనను పండ్లనడుమ బిగించి కఱచి తల వంచెను. అంతమందిలో ఆ గుర్తు తెలిసినది నీలవ్వ కొక్కతెకే. పంటిగాట్ల జినిగిన తన కొంగును రెండుచేతుల బట్టుకొని ఆమె యట్లే చూచుచు నిలిచిపోయెను. శరణిచ్చుటకు ఆ సభలో నెవ్వరికిని అధికారము లేకుండెను.