కొనేవాళ్ళు లేని సరుకు

ఆ రోజు పొద్దున దెల్ఫినా దగ్గరున్న సరుకు ఇదీ: చీల్చి ఉప్పు పట్టించాల్సిన చేపలు ఓ తట్టెడు, తడికల మీద సగం ఆరినవి ఇంకొన్ని, ఇస్త్రీ చేయాల్సిన మొగుడి తెల్లచొక్కా, కొత్త అధ్యక్షుడి మీద ఒక అభిప్రాయం. చేపలు ఎస్తాన్సియా ఊరి బజారులో ఎలాగూ చెల్లిపోతాయి. ఇస్త్రీకి కూలి లేదు. ఇక అభిప్రాయమంటారా, కొనడం మాట అటుంచండి, ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునే నాథుడు లేడు.

"కాఫీ కాస్త ఎక్కువ పెట్టు. సర్వేవాళ్ళొస్తున్నారు," అన్నాడు రొములో, గడ్డం గీసుకుంటూ.

రొములో బరంగాయ్ ఆఫీసులో, అంటే ఊరి పంచాయతీ ఆఫీసులో, కాపలాదారు. ఊళ్ళోకి ఏ సర్వేవాళ్ళొచ్చినా ముందు ఆ ఆఫీసులో చెప్పి రావాలి గనక, అతనికి కబురు ముందే తెలిసింది. అధ్యక్షుడు గద్దెనెక్కి వంద రోజులయింది. జనం ఏమనుకుంటున్నారో ఇల్లిల్లూ తిరిగి అడుగుతారట. వాళ్ళు తీసిన చీటీల్లో మన వీధి కూడా పడిందట. రొములో అద్దంలో తనతోనే మాట్లాడుకుంటున్నాడు: "మా ఇంటిల్లిపాదికీ చాలా సంతృప్తి అండీ. ఒక్కరు కాదు, మొత్తం ఇంటిల్లిపాదికీ."

దెల్ఫినా ఇస్త్రీపెట్టె కాలర్ మీద ఆనించి, నవ్వు ఆపుకుంది. ఎన్నికలప్పుడు ఈ అధ్యక్షుడి కోసం ఇతను గోడగోడకీ పోస్టర్లంటించాడు. జిగురు కాచింది తను. ఇతను మీటింగులకి తిప్పిన మనుషులకి అన్నం వార్చింది తను. గెలిచాక దండ మాత్రం ఇతని మెడలో పడింది. సరే, దండతో ఏం చేసుకుంటాం, అది ఎండబెట్టినా అమ్ముడుపోదు. అసలు కష్టం తర్వాతొచ్చింది. అధ్యక్షుడు చవకబియ్యం లారీలు పంపడం మొదలుపెట్టాడు. మంచి బియ్యమే, పేరు పెట్టక్కర్లేదు. లారీ వచ్చేది మాత్రం శనివారం పొద్దున. బేరాలు బాగా సాగేది సరిగ్గా ఆ పూటే. కొట్టు మూసి గొడుగేసుకుని లైనులో నిలబడితే, చవకగా వచ్చిన బియ్యంలో మిగిలినదంతా అమ్ముడుపోని చేపల్లో పోయేది. ఈ మాట ఓసారి అన్నం దగ్గర అంటే రొములో చెయ్యి కడుక్కుంటూ నవ్వాడు. "నీకు తెలిసింది చేపల ధర. దేశం సంగతి నీకెందుకే?" అత్త తెక్లా పక్కనుంచి అందుకుంది. "మొగుడు ఓటేసినవాడికి వంక పెడితే మొగుడికి పెట్టినట్టే, అమ్మాయ్." ఆ రోజు నుంచీ దెల్ఫినా ఆ అభిప్రాయాన్ని మడిచి లోపల దాచుకుంది. చేపలైతే ఉప్పేస్తే నిలవుంటాయి. మాటకి ఏ ఉప్పు వేయాలో ఆమెకి తెలియదు.

వచ్చింది ఒకే ఒక్క అమ్మాయి. చమట పట్టిన మొహం, చేతిలో గొడుగు, భుజాన పెద్ద సంచి. పేరు జోనలిన్ అంది. రొములో కుర్చీ వేసి, ఎదురుగా తను కూర్చుని, తెల్లచొక్కా సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఒక్క నిమిషం," అంది జోనలిన్. "ఇంతకుముందు వెళ్ళిన ఇంట్లో మగవాళ్ళ వంతు అయింది. మీ ఇంట్లో ఆడవాళ్ళ వంతు. పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళు ఎంతమంది?"

"మా అమ్మ, మా ఆవిడ. అయినా నేనున్నాగా?"

జోనలిన్ ఇద్దరి పేర్లూ వయసు వరసలో రాసుకుని, సంచిలోంచి అంకెల పట్టిక తీసి వేలితో గీత వెంట పోయింది. వేలు ఆగింది.

"దెల్ఫినా అక్కెవరు?"

వంటింటి గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడ్డ దెల్ఫినాకి తన పేరు ఇంకెవరిదో అన్నట్టు వినిపించింది. అత్త తెక్లా ముఖం మాడిపోయింది. "నన్నడగవేం? నేను ఎంతమంది అధ్యక్షుల్ని చూశాను! ఒక్కొక్కడి జాతకం చెప్తా!"

"పట్టికలో మీ పేరు పడలేదమ్మమ్మా. నా చేతుల్లో లేదు."

"అదంతా ఎందుకమ్మా," అన్నాడు రొములో తగ్గి. "ఆమె అభిప్రాయం నా అభిప్రాయమే. ఇద్దరిదీ ఒకటే కుండలో అన్నం."

"అన్నం ఒక కుండలోదైనా ఆకలి ఎవరిది వాళ్ళదే కదన్నా," అని నవ్వింది జోనలిన్. "పైగా ఆవిడ ఒక్కతే ఉండాలి. పక్కన ఎవరున్నా పనికిరాదు."

చేపలారేసే తడికల వెనక, సముద్రం వైపు, ఇద్దరూ బోర్లించిన బుట్టల మీద కూర్చున్నారు. జోనలిన్ ఒక అట్టముక్క చేతికిచ్చింది. ఐదు గడులు: చాలా సంతృప్తి, కొంత సంతృప్తి, ఎటూ తేల్చలేను, కొంత అసంతృప్తి, చాలా అసంతృప్తి. అధ్యక్షుడి పనితీరు మీద మీరేమంటారు అని అడిగింది.

"ఆయన చెప్పిందే రాసుకో అమ్మా," అంది దెల్ఫినా. నోరు తనంతట తనే అలా అనేసింది. ఇన్నేళ్ళ అలవాటు మరి.

జోనలిన్ రాసుకోలేదు. విసుక్కోలేదు. చెప్పండి చెప్పండి అని తొందరపెట్టలేదు. ప్రశ్న మొదటి నుంచీ మళ్ళీ చదివి ఊరుకుంది. దెల్ఫినా ఆశ్చర్యంగా చూసింది. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఏ పనీ పురమాయించకుండా, తను నోరు విప్పడం కోసం కాచుకుని ఉండటం ఎప్పుడు జరిగిందో గుర్తు రాలేదు. డాక్టరు కూడా అలా ఆగలేదు. పాదిరీ అసలే ఆగలేదు. గుండెలో ఏదో తలుపు గొళ్ళెం కదిలినట్టయింది. వెంటనే ఆమెలోని బేరగత్తె లేచి కూర్చుంది.

"కొంత సంతృప్తికీ ఎటూ తేల్చలేనికీ మధ్యన వేసుకో."

"మధ్యన గడి లేదక్కా."

"నువ్వు కాస్త ఇటు రా, నేను కాస్త అటొస్తా. కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఇంత పట్టు పట్టరు."

"ఇక్కడ బేరం లేదక్కా!" జోనలిన్ పొట్ట పట్టుకుని నవ్వింది. దెల్ఫినాకీ నవ్వొచ్చింది. జీవితంలో మొదటిసారి, తగ్గించి అమ్మక్కర్లేని సరుకు తన చేతిలో ఉంది.

ఇక ఆపినా ఆగలేదు. చేపలన్నీ ఊడ్చుకుపోయే పెద్ద ట్రాలర్ పడవల్ని తీరం దగ్గరికి రాకుండా తరిమినందుకు చాలా సంతృప్తి, ఇంకా పైన గడి ఉంటే అది కూడా వేసుకో అంది. చవకబియ్యం పథకానికి కొంత అసంతృప్తి. మొత్తం మీద అధ్యక్షుడికీ కొంత అసంతృప్తే. ఎందుకో మీ సొంత మాటల్లో చెప్పండి, ఉన్నదున్నట్టు రాసుకుంటాను అంది జోనలిన్. దెల్ఫినా సముద్రం వైపు చూసి తూచి తూచి చెప్పింది: "బియ్యం ధర తగ్గించాడు. లైనులో అరిగే ఆడవాళ్ళ కాళ్ళకి ధర కట్టలేదు. మా పొద్దు ఊరికే వస్తుందనుకున్నాడు. ఇంట్లో మగవాళ్ళు కూడా అట్లాగే అనుకుంటారు గనక ఎవరికీ తప్పనిపించలేదు." జోనలిన్ ఒక్క మాట వదలకుండా రాసి చదివి వినిపించింది. తన మాట పరాయి గొంతులో తిరిగి వినబడితే దెల్ఫినాకి కొత్త బట్టలు కట్టుకున్నంత సంబరమేసింది.

ఆ రోజంతా రొములో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. "ఏం చెప్పావే?" "చెప్పకూడదట." "మొగుడికి కూడానా?" "మొగుడికే ముఖ్యంగా." అత్త తెక్లా కిసుక్కున నవ్వి, కొడుకు చూసేసరికి దగ్గు చేసేసింది.

అక్కడితో ఆగితే ఇది చిన్న లాభమే. కానీ కొన్నాళ్ళకి సర్వే వాళ్ళ పెద్ద ఒకాయన, బెర్నల్ అనే కళ్ళజోడాయన, బజారుకొచ్చాడు. అమ్మాయిలు నిజంగా వెళ్ళి అడిగారా, చెట్టుకింద కూర్చుని నింపేశారా అని కొన్ని ఇళ్ళు మళ్ళీ చూసుకోవడం వాళ్ళ పద్ధతి. ఆఫీసులో అడ్రసు అడిగితే రొములోనే వెంటబెట్టుకొచ్చాడు. దారి పొడుగునా గొప్పలు చెప్పుకుంటూ వచ్చాడేమో, దెల్ఫినా కొట్టు ముందు ఆగేసరికి ఆ ఊపులోనే అనేశాడు: "మా ఆవిడకి ఏం తెలుసు సార్, పక్కన కూర్చుని నేనే అన్నీ చెప్పించా. అన్నిటికీ చాలా సంతృప్తి!"

బెర్నల్ కలం ఆగింది. "పక్కన కూర్చుని మీరు చెప్పించారా? అయితే ఈ కాగితం చెల్లదు. కొట్టేయాలి. ఆ అమ్మాయిని కూడా పనిలోంచి తీసేయాలి."

రొములో ఇరుక్కుపోయాడు. వెనక్కి తీసుకుంటే అబద్ధాలకోరు, తీసుకోకపోతే ఒక పిల్ల పొట్ట కొట్టినవాడు. కళ్ళు దెల్ఫినా వైపు తిరిగాయి. ఆ చూపు ఆమెకి తెలుసు. పరువు చిరిగినప్పుడల్లా, కుట్టు అని ఆమె వైపు చూసే చూపు. చుట్టూ కొట్లవాళ్ళంతా వింటున్నారు. అవును సార్, ఆయన చెప్పిందే చెప్పాను అంటే ఇంటి పరువు నిలుస్తుంది, జోనలిన్ పని పోతుంది, తను చెప్పిన మాట చెత్తబుట్టలోకి పోతుంది. ఎన్నిసార్లు నిలబెట్టలేదు ఈ పరువుని! ఆ పరువు ఒక్కరోజైనా వచ్చి తన పక్కన నిలబడలేదు.

చేతులు కడుక్కుని, ముందు కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఆయన ఇంట్లో ఉన్నాడు సార్. నేను తడికల వెనక ఉన్నాను. ఒక్క ముక్క కూడా ఆయన విన్లేదు."

"అయితే ఇలా పక్కకి రండమ్మా. రెండు మూడు ప్రశ్నలు మళ్ళీ అడుగుతాను, కాగితంతో సరిపోతే చాలు. ఎవరూ వినక్కర్లేదు."

"ఒకసారి చాటుగా చెప్పాను. ఇప్పుడిక్కడే అడగండి."

అడిగాడు. ఆమె చెప్పింది. ట్రాలర్ల సంగతి చెప్పింది, బియ్యం సంగతి చెప్పింది, కాళ్ళ సంగతి ఉన్నదున్నట్టు మళ్ళీ చెప్పింది. పక్క కొట్టు నెనీటా రొయ్యల తట్ట మీద చేత్తో దరువేసి, "నాదీ అదే! నా ఇంటికెందుకు రాలేదయ్యా?" అని అరిచింది. బజారంతా గొల్లుమంది. బెర్నల్ కాగితంతో సరిచూసుకుని, తలాడించి, "అక్షరం తేడా లేదు," అన్నాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, నెనీటా ఐదు ఖాళీ డబ్బాలు వరసగా పెట్టింది, మొదటిది చాలా సంతృప్తి, చివరిది చాలా అసంతృప్తి. "మన మగవాళ్ళ పనితీరు మీద సర్వే! తలా ఒక చింతగింజ. పక్కన మొగుళ్ళుండకూడదు!" మొగుళ్ళంతా మెల్లిగా జారుకున్నారు. అన్నం క్యారేజీ తెచ్చిన అత్త తెక్లా గుంపుని తోసుకుని ముందుకొచ్చింది.

"పోయినోడికి కూడా వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చు అత్తా!"

ఆవిడ గింజ పట్టుకుని డబ్బాలన్నీ దాటుకుంటూ పోయి, చివరి డబ్బాలో టంగుమనేలా వేసింది. "బతికుండగా అడిగితే మొదటిదాంట్లో వేసేదాన్ని," అంది, "పక్కనే నిలబడేవాడుగా." ఆ తర్వాత కోడలి భుజం పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. దెల్ఫినా ఆవిడ నవ్వు అంత దగ్గర్నించి ఎప్పుడూ చూడలేదు.

రొములో అలిగాడు. మాట్లాడలేదు, పెట్టింది తిన్నాడు. శనివారం దెల్ఫినా కొట్టు తెరిచింది. బియ్యం లైనుకి వెళ్ళలేదు, అతన్ని వెళ్ళమని అడగనూ లేదు. మధ్యాహ్నం ఎర్రగా కాలిన మొహంతో, భుజాన బియ్యం మూటతో రొములో వచ్చాడు. మూట దించి, కూర్చుని, పిక్కలు నొక్కుకున్నాడు.

"అదేం లైనే! మనిషన్నవాడు నిలబడేదేనా? ఆ లారీ సాయంత్రం పంపిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"మంచి మాటే. రాసుకునేవాళ్ళే లేరు పాపం," అంది దెల్ఫినా, చల్లటి కొబ్బరినీళ్ళ గ్లాసు అందిస్తూ. అతనికి కోపమొచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ కోపం నవ్వులోకి దిగింది.

ఆ నెలాఖరున సర్వే ఫలితాలు పేపర్లో పడ్డాయి. అధ్యక్షుడు బాగానే నెగ్గుకొచ్చాడు, సంతృప్తులే ఎక్కువ. దెల్ఫినా గింజ ఆ రాశిలో ఎక్కడో ఉంది, ఎవరికీ కనబడదు. లారీ ఇంకా శనివారమే వస్తోంది. పైకి చూస్తే బేరంలో ఏమీ మిగలనట్టే ఉంది. కానీ దెల్ఫినా లెక్కలు కట్టే మనిషి, ఖర్చూ రాబడీ రెండూ వేసుకుంది. పోయినవి: మొగుడి అలకలో గడిచిన కొన్ని మౌనమైన భోజనాలు, తుడిచి తుడిచి అరిగిపోయిన ఇంటి పరువు కొంత. వచ్చినవి: తన నోట్లో నిలబడ్డ తన మాట, పనిలో మిగిలిన ఒక అమ్మాయి, అత్త నవ్వు, శనివారం పొద్దుటి బేరం. వీటన్నిటికీ పైన, ఆఫీసులో జరిగిందని నెనీటా మోసుకొచ్చిన కబురొకటి. చేపల బజారు స్థలం మార్చే విషయంలో మీ ఇంట్లో ఏమంటున్నారని కౌన్సిలరు అడిగితే, రొములో చాలాసేపు టోపీ తిప్పుకుని ఇలా అన్నాడట:

"నా సంగతి నేను చెప్తాను. ఆమె సంగతి మీరే వెళ్ళి అడగాలి. కాస్త తీరిగ్గా వెళ్ళండి, ఆమెకి చెప్పడానికి చాలా ఉంటుంది."