కొమ్మురేవు మీద ఎర్ర గుర్తు

నేను ఒక ఎర్ర గుర్తును. ఫోనులో మ్యాపు తెరవగానే అక్కడక్కడ నాటినట్టు కనిపిస్తాం చూడండి, ఆ జాతి. మావాళ్ళంతా హోటళ్ళ మీద, పెట్రోలు బంకుల మీద, కల్యాణ మండపాల మీద దర్జాగా నిలబడతారు. నా కింద మాత్రం నీళ్ళే. ఎటు చూసినా నీలం రంగే. "నడి రిజర్వాయరులో ఈ గుర్తేమిటి, ఎవడో మతిలేనివాడు పెట్టాడు" అనుకునేవాళ్ళు ఉన్నారు. పెట్టినవాళ్ళకు మతి ఉంది, ఊరే లేదు.

నన్ను పుట్టించింది నూకరత్నం. ఆమెది కొమ్మురేవు. ఆనకట్ట కట్టాక ఆ ఊరు మునిగింది. జనాన్ని తెచ్చి ఒడ్డుకు కాస్త ఎగువన, అన్నింటికీ ఒకే రంగు పూసిన ఇళ్ళ కాలనీలో పెట్టారు. కొమ్మురేవు వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఊరి అమ్మవారికి పెట్టనిదే ఆ ఏటి మామిడికాయ కొరకరు. ఆ పండగను మామిడి కొత్తలు అంటారు. ఊరు మునిగినా పట్టింపు మునగలేదు. ఏటా వేసవిలో పడవలు మాట్లాడుకుని, అమ్మవారి గద్దెకు సరిగ్గా పైకి వచ్చి, తొలికాయలు నీళ్ళలో వదులుతారు. ఆ చోటు పట్టుకునేది రత్నం మేనమామ అబ్బులు. రెండు కొండల మధ్య సందు చూసి "ఇదిగో, ఇక్కడే" అంటాడు. ముసలాయన చూపు ఎన్నాళ్ళుంటుందోనని ఒక ఏడు రత్నం ఫోను తీసి, ఆ చోట నన్ను నాటింది.

ఫోను ఊరుకుంటుందా? ఇది ఎలాంటి స్థలమో చెప్పమంది. హోటలు, దుకాణం, ఆసుపత్రి, విహార స్థలం అంటూ చాలా చూపించింది. మునిగిన ఊరు అన్నది మాత్రం అందులో లేదు.

"ఏటి నొక్కమంటావు మావా?"

"ఏడాదికోపాలి అందరం కూడి వత్తన్నాం. వండుకు తింటన్నాం. ఇహారమే నొక్కెయ్యే," అన్నాడు అబ్బులు.

పడవలో అందరూ నవ్వారు. రత్నం నొక్కింది. నా నుదుటి రాత అలా పడింది.

కాలనీలో ఫోనున్న ప్రతివాళ్ళూ నా కింద తమ అభిప్రాయం రాశారు. వాళ్ళకు ఇంకో పట్టింపు కూడా ఉంది లెండి. కొమ్మురేవును గురించి "ఉండేది" అనకూడదు. అలా అంటే ఊరికి పిండం పెట్టినట్టేనట. "ఉంది" అనే అనాలి. అందుకని, "మా బావి నీళ్ళ ముందు చెరకు రసం ఎందుకూ పనికిరాదు" అని ఒకరు రాశారు. "దారి బాగుంది, కారు కూడా వస్తాది. ఊరి మొదట్లో చింతచెట్టు కింద కూకుంటే లేవబుద్ధి కాదు" అని మరొకరు. "ఎప్పుడొచ్చినా అన్నం పెడతారు" అని ఇంకొకరు. "మా అమ్మ ఇక్కడే ఉంది" అని రత్నం రాసింది. అందరూ నాకు అయిదేసి చుక్కలు ఇచ్చారు. పెద్ద పెద్ద హోటళ్ళకు కూడా లేవు అన్ని చుక్కలు!

చుక్కలున్న చోట చీమలు చేరతాయి. ఆదివారం ఎక్కడికి పోదామా అని తెర మీద వేళ్ళు అరగదీసే జనానికి ఊళ్ళు ఏరి చూపే సైటు ఒకటి నన్ను పట్టుకుంది. చూడకుండానే "కొండల నడుమ ప్రశాంతమైన పల్లె, కుటుంబంతో వెళ్ళదగినది" అని రాసింది. అప్పటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. బండి పెట్టుకోవడానికి చోటుందా? భోజనం దొరుకుతుందా? అబ్బులు మనవరాలి చేత జవాబులు కొట్టించేవాడు. చోటుకేం, కావలసినంత ఉంది. భోజనం అడిగితే పెడతారు. ఊరంటే మనిషికి ఇంత మురిపెం ఉంటుందా అని నేనూ మురిసిపోయాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఒక చోట ఫోన్లు ఎక్కువగా చేరితే "ఇప్పుడు రద్దీగా ఉంది" అని చూపడం మా ఇంటి ఆనవాయితీ. మామిడి కొత్తల రోజున నా మీద ఆ మాట పడటంలో వింత లేదు. కానీ వానాకాలం వెళ్ళాక, రిజర్వాయరు నిండుగా ఉన్న రోజుల్లో, దీపాలు పెట్టే వేళకు కూడా పడటం మొదలైంది. పడవ లేదు. మనిషి లేడు. కొంగ కూడా లేదు. నీళ్ళు కదలకుండా పడుకుని ఉన్నాయి. "ఇప్పుడు రద్దీగా ఉంది." ఎవరమ్మా మీరు, అని అడగడానికి నాకు నోరు లేదు. భయం మాత్రం వేసింది.

కార్తీక మాసంలో ఒక కారు వచ్చింది. నడిపేవాడు చరణ్, పక్కన భార్య హిమజ, వెనక నిద్రపోతున్న వాళ్ళ పాప. వనభోజనానికి బయలుదేరి, దారిలో ఆలస్యమై, చీకటి పడుతూండగా పాత ఊరి దారి పట్టారు. ఆ తారు దారి చెక్కు చెదరలేదు. మెల్లగా దిగి, అలాగే నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. ఆ పూట వానపడి దారి పొడవునా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇదీ అలాంటి మడుగే అనుకున్నాడు చరణ్. పైన మంచు పరుచుకుని అవతలి గట్టు కనపడటం లేదు. ఫోనులోని ఆడగొంతు "నేరుగా వెళ్ళండి" అంది. తెర మీద నా పక్కన "రద్దీగా ఉంది" అని వెలిగింది. అంత జనం ఉన్న చోట భయమేమిటని అతను ముందుకు పోనిచ్చాడు.

ఆగండి నాయనా, ఆగండి! నా మాట ఎవరికి వినపడుతుంది?

వలలు ఎత్తుతున్న కాలనీవాళ్ళు నీళ్ళలోకి దిగుతున్న దీపాలు చూసి పడవ తోశారు. అద్దం బద్దలుకొట్టి ముగ్గురినీ లాగారు. పాపను చివర్న తీశారు. ఆ పిల్ల దగ్గి ఏడ్చేదాకా ఒడ్డున ఎవరూ ఊపిరి పీల్చలేదు.

రత్నం వాళ్ళను తన ఇంటికి తీసుకెళ్ళి పొడి బట్టలిచ్చింది. హిమజ పాపను గుండెకు హత్తుకుని వణుకుతూనే అంది: "ఊరు కనపడిందండీ. చింతచెట్టు కింద పెద్దావిడ ఒకావిడ రమ్మని చెయ్యి ఊపింది. అందుకే నేనే పోనివ్వమన్నాను."

రత్నం చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ చెట్టు నిలువునా నీళ్ళలో ఉంది. దాని కింద పొద్దస్తమానం కూర్చుని, దారిన పోయేవాళ్ళను అన్నానికి పిలిచేది ఆమె తల్లి. ఊరు మునగకముందే పోయింది.

మర్నాడు కాలనీ అంతా రత్నం వాకిట్లో చేరింది. నన్ను తీసేస్తానంది రత్నం.

"ఓపాలి ఆళ్ళు ముంచారు," అన్నాడు అబ్బులు. "ఇప్పుడు నువ్వూ ముంచేత్తావేటే?"

"బతికున్నోళ్ళు మునుగుతున్నారు మావా. ఆ పిల్ల పోతే మా అమ్మ మాత్రం ఊరుకుంటాదా?"

"మీ అమ్మ పిలిసింది అన్నం పెట్టడానికే."

"తెలుసు. అయినా అక్కడికెళ్ళి తిని రాగలరా?"

రత్నం నా కింద రాసినవన్నీ పైకి చదివింది. బావి, చెట్టు, అన్నం, అన్నీ. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చదవడం అయ్యాక నన్ను తీసెయ్యమని నొక్కితే ఫోను కారణం అడిగింది. "ఈ స్థలం లేదు" అన్న దాని మీద వేలు పెట్టడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. లేదు అన్న మాట కొమ్మురేవు మనిషి అనడం అదే మొదలు.

నేను పోయాను. పోవడమంటే మీరు చెరిపినవన్నీ కుప్పపోసే చోటుకు రావడం. మూతపడ్డ సినిమా హాళ్ళు, ఎత్తేసిన బస్టాపులు, అన్నీ నా పక్కనే ఉన్నాయి. పని లేదు గనక ఇక్కడ చెవులు ఒళ్ళంతా ఉంటాయి.

మళ్ళీ మామిడి కొత్తలు వచ్చాయి. పడవలు కదిలాయి. ఆ వారం ఎగువన పోడు కాల్చారు. పొగ కమ్మి రెండు కొండలూ మాయమయ్యాయి. అబ్బులు పడవ అంచున నిలబడి అటు చూశాడు, ఇటు చూశాడు. "కంటికి ఆనటం లేదే అమ్మా," అని కూలబడ్డాడు. రత్నం ఫోను తీసింది. తెరంతా నీలం. బుట్టలో కాయలు వాడుతున్నాయి. అమ్మవారికి పెట్టకుండా వెనక్కి మళ్ళాలేమోనని ఒక ముసలామె ఏడవడం మొదలుపెట్టింది. తెడ్లు ఆపేశారు. పడవ తనంతట తాను కాస్త జరిగి నిలిచింది.

అప్పుడు రత్నం చేతిలోని ఫోను పలికింది. "మీరు ఇంటికి చేరుకున్నారు. కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను."

రత్నం "అమ్మా" అని బుట్ట ఎత్తి కాయలు నీళ్ళలో కుమ్మరించింది. ఒక్కటీ తేలలేదు.

అప్పటికి నన్ను చెరిపి ఆరు నెలలు కావస్తోంది. ఆ మాట అన్నది నేను కాదు.