చింతపండుతో తోమిన మోకాలు

ఇత్తడి చెంబు కానీ, రాగి బిందె కానీ, చింతపండు పెట్టి తోమితే తళతళలాడాల్సిందే. వరమ్మకు తెలిసిన శాస్త్రం అది. అందులోనూ ఆపరేషను చేసి కంట్లో పొర తీసేసినప్పటి నుంచీ ఇంట్లో ఏ మరకా ఆమె కన్నుగప్పలేకపోతోంది. నిన్న సాయంత్రం మొగుడి మోకాలు కూడా ఆమె చేతికి చిక్కింది.

పొద్దున కాఫీ తాగుతా ఈ సంగతి విన్న కూతురు సోఫియాకు పైప్రాణం పైనే పోయింది.

"నల్లంగా మసి పట్టినట్టు ఉండాదే పాపా. పెండ్లికి పొయ్యే మనిషి కదాని చింతపండు నీళ్లలో నానేసి పీచుతో తోమినా. బుసబుసా పొంగి మురికంతా వచ్చేసింది" అనింది వరమ్మ, సంతోషంగా.

అది మురికా? అయ్యో రాతా! సోఫియా కొన్నేండ్ల కష్టమది. మదనపల్లెలో ఇంజనీరింగు పాఠాలు చెప్పే ఆ పిల్ల, లారీ ప్రమాదంలో కాలు పోయిన నాయన జయరత్నం పెట్టుడు కాలికోసం మెగ్నీషియంతో మోకాలి కీలు చేసింది. పాత ఉక్కు కీలు బరువుకు ఆయన తుంటి పీక్కుపోయేది. మెగ్నీషియం తేలిక. కానీ మెత్తన. ఇనప చీల లోపల తిరిగేకొద్దీ అరిగిపోతుంది. అందుకే గట్టి సిరామిక్ పొడి చల్లి, లేజరుతో పైపొరను కరిగించి, పొడిని అందులోనే గడ్డకట్టించింది. ఆ నల్లటి పొరే కీలుకు కాపు. చింతపండు పులుపు ఆ పొడిని పట్టి ఉంచిన లోహాన్ని తినేసింది. ఇంక ఆ పొడి ఊడి, కీలులో ఇసుక పడినట్టు కొరుకుతుంది. నిలబడేటప్పుడు పట్టుకోవాల్సిన లాకు పట్టదు. మనిషి పడిపోతాడు.

అమ్మ మీద అరుద్దామని నోరు తెరిచింది. ఊరూరా తిరిగి సెమినార్లలో ఆ పొర గురించి చెప్పిందే కానీ, రోజూ ఆ కాలు తుడిచే అమ్మకు ఒక్క ముక్కయినా చెప్పిందా? నోరు మూసుకుని చెప్పులేసుకుంది.

జయరత్నం అప్పటికే మొదటి బస్సుకు కుప్పం వెళ్లిపోయినాడు. తమ్ముడి కూతురు బీనా పెండ్లి. బస్సు గాలి కంటికి పడదని వరమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. చర్చి గుడికి పొయ్యే రోజు ఫోను ఇంటి దగ్గరే ఆపేసే మనిషాయన. తమ్ముడికి చేస్తే, పెండ్లి సందట్లో ఎత్తే దిక్కు లేదు.

సోఫియా కాలేజీకి సెలవు చెప్పి బస్సెక్కింది. సీటు ఉంది, కూర్చోలేకపోయింది. కూర్చోమ్మా అని కండక్టరు విసుక్కున్నా కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. నాయన పాత ఉక్కు కీలు మోకరించేంతగా వంగేది కాదు. గుడిలో అందరూ మోకరించినప్పుడు వెనకాల కుర్చీలో నాయన ఒక్కడే తలెత్తుకుని ఉండాల్సి వచ్చేది. ఎంత నామోషీగా ఉండేదో ఆయనకి! ఈ పెండ్లిలో ప్రార్థన ఆయనే చెయ్యాలి. మోకరిస్తాడు. లేచేటప్పుడు, అందరి ముందరా...

పుంగనూరులో బస్సు మారాలి. బస్సు రాదే! కాలు కాలిన పిల్లిలా బస్టాండంతా తిరిగింది. తెల్ల పంచె, చేతికర్ర ఉన్న పెద్దమనిషిని చూశావా అని టీ అంగడాయన్ని అడిగితే, చూశానన్నాడు. మోకాలు తడుముకుంటా కూర్చుని, కొబ్బరినూనె అడిగి పోసుకున్నాడంట. అంటే ఈడికి వచ్చేసరికే కొరకడం మొదలైంది. తెలిసీ ఎందుకు పోయినట్టు? వెనక్కి తిరిగి రావచ్చు గదా! కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కుప్పంలో ఆటో ఆగీ ఆగకముందే దిగి గుడి వాకిట్లోకి పరిగెత్తింది. లోపల అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. నాయన గొంతు వినిపిస్తోంది.

వధూవరుల కోసం, వాళ్లను కన్నవాళ్ల కోసం ఎప్పుడో అయిపోయినట్టుంది. ఇప్పుడు మదనపల్లె టమాటా రైతుల కోసం ప్రార్థిస్తున్నాడు. తర్వాత పెద్దమండ్యంలో వానల కోసం. తర్వాత బస్సు డ్రైవర్ల కోసం. మొగపెండ్లివాళ్లు దగ్గుతున్నారు, పిల్లలు కిసుక్కుమంటున్నారు. పాస్టరుగారు ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

సోఫియా గడప దగ్గరే ఆగిపోయింది. నాలుగు మాటల్లో ప్రార్థన ముగిస్తాడని పేరు పడ్డ మనిషి. ఆయనకు లేవడం చేతకావడం లేదు.

మనుషుల మధ్య తోవ చేసుకుంటా పోయి పక్కనే మోకరించింది. ఆయన కండ్లు తెరవలేదు గానీ మాట ఆగింది. గొంతు పూడుకుందేమో అనుకున్నారు జనం.

"పుంగనూర్లోనే గరగరమనింది పాపా" అన్నాడు మెల్లగా.

"మరి యాల మోకరించినావు నాయనా?"

"నా బిడ్డ చేసిన మోకాలని ఈడ అందరికీ చెప్పేసినా."

సోఫియా చెంపలు తుడుచుకుని, ఆయన చంక కిందికి భుజం ఆనించింది. ఆయన చెయ్యి తడుముకుని తడుముకుని ఆ భుజాన్ని పట్టుకుంది. ఒళ్లు బరువంతా దాని మీద మోపినాడు.

అప్పుడు, గుడంతా వినబడేటట్టు, "ఆమెన్" అన్నాడు.