మూత అక్కర్లేని నీళ్ళు

వెనిగర్ చుక్క పడగానే రాయి బుసబుసమంటూ నురగ కక్కింది. ట్యాంకు మేస్త్రి దాన్ని పక్కకి విసిరేశాడు.

"సున్నపురాయి. నీళ్ళ గుణం మార్చేస్తుంది. చేపలకి పడదు."

కళ్ళలో వేసుకునే మందు సీసా కడిగి, అందులో వెనిగర్ పోసి తెచ్చుకున్నాడాయన. పక్కనే చతికిలబడ్డ భార్య ఇంకో రాయిని మగ్గులో ముంచి తీసింది. పొడిగా ఉన్నప్పుడు బూడిద ముద్దలా ఉన్నది తడవగానే ఎర్రజీరలతో నిగనిగలాడేసరికి మురిసిపోయి ఆయన ముందు పెట్టింది. అందం ఆమె చూడాలి, గుణం ఆయన చూడాలి, అదీ ఒప్పందం. ఇసుకా ఇటుకా అమ్మే ఆ షాపు వెనక గంటన్నరగా ఇదే తంతు.

ముప్ఫై అయిదేళ్ళుగా ఆయన ఆ ఊళ్ళో నీళ్ళ ట్యాంకులు కట్టాడు. నేలకింద కొన్ని, డాబాల మీద కొన్ని. పొట్టి మనిషి. ఇరుకు గోతుల్లో వంగి వంగి నడుం కాస్త అలాగే ఉండిపోయింది. వేళ్ళ చివర్లు పగిలి, గోళ్ళ సందుల్లో సిమెంటు స్థిరనివాసం ఏర్పరచుకుంది. ఆయన కట్టిన ట్యాంకు కారిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. అయితే ఏం లాభం! మేడ కట్టినవాణ్ణి వీధిలో పోయేవాళ్ళు మెచ్చుకుంటారు గానీ, మూతేసిన ట్యాంకులోకి తొంగిచూసి మెచ్చుకునేదెవరు?

ఊరందరికీ మేడ మీదికి నీళ్ళెక్కించిన ఆ మనిషి ఇంట్లో మాత్రం నీళ్ళు భార్య చేతుల మీదుగానే ఎక్కాయి. మూడో అంతస్తులో అద్దె గది, కింద కుళాయి. సిమెంటు ఒంటిమీద ఆరితే చర్మం తినేస్తుందని, సాయంత్రం ఆయన మెట్లెక్కేసరికి రెండు బకెట్ల వేణ్ణీళ్ళు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉండేవి. జ్వరమొచ్చినా ఉండేవి, పోట్లాడుకున్న రోజూ ఉండేవి. పోట్లాడిన రోజు కాస్త ఎక్కువ వేడిగా ఉండేవి, అంతే తేడా. ఆ రెండు బకెట్లే లేకపోతే తన ఒళ్ళు ఏనాడో పుండయ్యేదని ఆయనకి తెలుసు. తెలుసని చెప్పడం మాత్రం చేతకాలేదు. కిందటేడు పెరడున్న చిన్న ఇల్లు దొరికింది. అప్పట్నుంచీ ఆ పెరట్లో ఓ చిన్న చేపల చెరువు మనసులో తవ్వుతూనే ఉన్నాడు.

"సిమెంటు ఎన్ని బస్తాలు వేయించమంటావన్నా?" అంటూ షాపాయన వచ్చాడు.

"బస్తాలొద్దు. రబ్బరు షీటు చూపించు."

షాపాయన నోరు వెళ్ళబెట్టాడు. "నువ్వా! షీటా! నలుగురూ నవ్వుతారన్నా. పోనీ, రెడీమేడు తొట్టి ఉంది, తీసుకెళ్ళి గోతిలో దింపేయడమే."

"అందులో నువ్వు బట్టలు నానబెట్టుకో."

సిమెంటుతో కడితే నానబెట్టాలి, సున్నం ఊడేదాకా నింపి పారబోయాలి. మూడు వారాల మాట. సోమవారం గుండె ఆపరేషనుకి ఆసుపత్రిలో చేరాలి. ఇరవై ఒక్క రోజులు ముందుకి లెక్కపెట్టే ధైర్యం ఆయనకి చాలలేదు. షీటయితే ఈ సాయంత్రానికే నీళ్ళు నిలుస్తాయి, పక్కన ఆమె ఉంటుంది. ఇన్నేళ్ళ పేరు పోతే పోయింది. ఆమెకీ ఇదంతా తెలుసు. తెలిసే తలెత్తకుండా మగ్గులో రాళ్ళు ముంచుతోంది.

షీటుని రెండు చేతులా లాగి, మడిచి, మడత దగ్గర గోటితో గీకి చూశాడు. వేళ్ళమీద లెక్క కట్టాడు. పొడవు ఆరడుగులు, అటూ ఇటూ లోతు ఒకటిన్నర చొప్పున మూడు, అంచులకి రెండు. "పదకొండు కొయ్యి. వెడల్పు తొమ్మిది."

మధ్యాహ్నానికి సామాను పెరట్లో దిగింది. అప్పటికే తవ్వి ఉంచిన గొయ్యి చాలావరకు ఆమె తవ్విందే. బరువు పని చెయ్యొద్దని డాక్టరు అన్నాడని పార లాక్కుంది. గోతిలో ఇసుక పరిచారు. దానిమీద పాత దుప్పట్లు, ఆపైన షీటు. ఆయన మోకాళ్ళమీద కూర్చుని ముడతలు సర్దుతుంటే, ఆమె అంచు చుట్టూ రాళ్ళు పేర్చింది. తిరగేసి, మరగేసి, ఒక్కో రాయికీ దాని ముఖం వెతికింది.

చివరికి గొయ్యి పక్కన తడి గోనెపట్టా కింద ఉన్న సిమెంటు పలక మీదికి ఆమె చెయ్యి వెళ్ళింది. వారం కిందట ఆయన పోసింది. కూర్చోడానికి అరుగనుకుని రోజూ పొద్దున్నే ఆమే దానికి నీళ్ళు పోస్తోంది. పట్టా లాగితే, నడిమధ్య పడుకోబెట్టిన ఇనప కడియం కనిపించింది.

"ఇదేంటయ్యా! ఇది మూత కదూ?"

ఆయన దానికేసి చూశాడు. ట్యాంకు పని ఒప్పుకున్న ప్రతిసారీ ముందు మూతే పోస్తాడు, గొయ్యి తవ్వేలోగా గట్టిపడుతుందని. చేతులు వాటి దారిన అవి పోసేశాయి.

"చెరువుకి మూతా! ఓరి నాయనో!" ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన సిగ్గుపడి, కాసేపటికి తనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గుండెమీద చెయ్యి వేసుకుని ఆ మూతమీదే కూర్చున్నాడు. ఆమె నవ్వు ఆపేసింది.

"ఏం లేదే. పైపు వెయ్యి."

నీళ్ళు నల్లటి షీటుమీద పాకసాగాయి. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. మూడడుగుల మూత ఇద్దరికీ సరిపోయింది.

"ఈ నీళ్ళు దేనికి పనికొస్తాయయ్యా?"

"దేనికీ పనికిరావు. తోడక్కర్లేదు, మోయక్కర్లేదు, కాచక్కర్లేదు. ఊరికే చూడు." తర్వాత నీళ్ళతో చెబుతున్నట్టుగా అన్నాడు. "నువ్వు మోసిన నీళ్ళే నన్ను బతికించాయే. ఎప్పుడూ చెప్పలేదు."

ఆమె ఆయన పగుళ్ళ చేతిని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత, టీ పెడతానంటూ లోపలికి వెళ్ళింది.

నీళ్ళు రాళ్ళ దాకా ఎక్కుతున్నాయి. ఆకాశం ముక్క ఒకటి గొయ్యిలోకి దిగి నిలబడింది. తను కట్టిన నీళ్ళలో ఆకాశం చూడటం ఆయనకిదే మొదలు. "ఎంత బాగుందే!" అన్నాడు, ఆమె లోపల ఉందని మరిచిపోయి.

వంటింట్లో ఆమెకి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు వినిపించింది. ముప్ఫై అయిదేళ్ళలో ఆయన ఉండగా ఒక్క ట్యాంకు పొర్లలేదు. అంచు నాలుగు వేళ్ళుందనగానే కుళాయి కట్టేసే మనిషి. స్టవ్ ఆర్పకుండానే పరిగెత్తింది.

ఆయన మూతమీదే, వెనక పెరటి గోడకి చేరగిలబడి, నీళ్ళకేసి తిరిగి ఉన్నాడు. పొర్లిన నీళ్ళు పాదాలు తడుపుతున్నాయి. చొక్కా జేబులో కళ్ళమందు సీసా అలాగే ఉంది.

ఆపరేషను దాకా ఆగలేదని అందరూ అయ్యో అన్నారు. నీళ్ళు చూసే వెళ్ళాడని ఆమె అంది. చెరువులో ఇప్పుడు నాలుగు చేపలున్నాయి. ఆ మూత అడ్డంగా ఉంది, తీయించేస్తానని షాపాయన రెండుసార్లు అడిగాడు. ఉండనీ అంది. రోజూ సాయంత్రం, ఒకప్పుడు ఆయన మెట్లెక్కి వచ్చే వేళకి, వెళ్ళి దానిమీద ఓ పక్కగా కూర్చుంటుంది.

ఆమె లేచి వెళ్ళాక, నడుమ ఇనప కడియంతో, దేన్నీ మూయని ఆ మూత నీళ్ళ పక్కన ఇంకా కాస్త వెచ్చగా ఉంటుంది.