ఏప్రిల్ కత్తెర

పైపు నోటికి బొటనవేలు అడ్డంపెట్టి, ముందుగా వచ్చిన వేడినీళ్లను గేటు పక్క సిమెంటు మీదికి వదిలేశాడు నిజాముద్దీన్. జూన్ నెలలో దోహా కుళాయి నీళ్లతో పొద్దున్నే చాయ్ పెట్టుకోవచ్చు. నీళ్లు కాస్త గోరువెచ్చబడ్డాక ఖర్జూరపు చెట్టుకు పట్టాడు. తర్వాత కాగితంపూల కంచెకు. ద్రాక్షతీగది ఎప్పుడూ ఆఖరి వంతు. ఇష్టమైన ముద్దను కంచంలో చివరికి మిగుల్చుకునే అలవాటు అతనికి చిన్ననాటి నుంచీ ఉంది.

యాభై దాటిన మనిషి. గడ్డానికి గోరింటాకు రంగు, నడుములో చిన్న వంపు. ఏళ్ల తరబడి కత్తెర ఒరిసి కుడి అరచేతిలో కాసిన కాయ రూపాయి బిళ్లంత ఉంటుంది. తీగ దగ్గరికి వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకుని, కొత్త పెళ్లికూతురిని చూసినట్టు దూరం నుంచే చూశాడు. ఈతాకు చాప నీడలో, వెనకగోడ మీద ఒకే ఒక్క గుత్తి వేలాడుతోంది. భుజాల దగ్గర నాలుగు కాయలు ఎరుపు తిరిగాయి. నడుమ పచ్చివి. కొసన ఉన్నవైతే గులకరాళ్లే.

"రెండు వారాలు ముందుగాల పండకపోతివి గదా," అన్నాడు గుత్తితో.

తప్పు గుత్తిది కాదు. ఈ విల్లాలో ఉండే ఇటలీ ఇంజినీరు సాల్వతోరే ఈ రాత్రి విమానానికి శాశ్వతంగా వెళ్లిపోతున్నాడు. జూలై చివర వరకు ఉండవలసినవాణ్ణి కంపెనీ ముందే పంపించేస్తోంది. పోయేలోపు ఈ తీగ పండు ఒక్కటైనా ఆయన నోట్లో పడాలని నిజాముద్దీన్ ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. అందుకు కారణం ఉంది. పోయినేడు పండవలసిన పంటను తన చేత్తో తానే కత్తిరించాడు.

సాల్వతోరేది సిసిలీ దీవి. అక్కడ ఎట్నా అనే కొండ ఉందట, నెత్తిన మంచు, నోట్లో నిప్పు. ఆ కొండ పొట్ట మీద, మబ్బులు ఆనుకునేంత ఎత్తున, నల్లరాళ్లతో గట్లు కట్టి మెట్లుమెట్లుగా ద్రాక్ష వేస్తారు. పందిళ్లుండవు, మొక్కకొక గుంజ. చలికి కాయ తాపీగా పండుతుంది. కింది ఊళ్లలో కోతలైపోయి అందరూ చేతులు కడుక్కున్నాక, అక్టోబర్‌లో కోసి, వైన్ తీస్తారు. ఇదంతా ఆయన ఫోటోలు పెట్టి చెబితే నిజాముద్దీన్ నమ్మలేదు. నిప్పులు కక్కే కొండ ఒళ్లో కాపురం పెట్టేవాళ్లుంటారా?

ఉన్నారు, దెబ్బా తిన్నారు. నాలుగేళ్ల కిందటి చలికాలంలో కొండ మళ్లీ కక్కింది. నిప్పుమట్టి నత్తనడకన దిగుతోందని తెలిసి సెలవు మీద వెళ్లిన సాల్వతోరే, తండ్రి పెంచిన తోటలోంచి నాలుగు కొమ్మలు కోసి, తడికాగితంలో చుట్టి, సంచెడు నల్లమట్టితో సహా దోహా తెచ్చాడు. వసంతానికల్లా ఆ మెట్లు, చల్లారి రాయైన ఆ నిప్పుమట్టి కింద పూడిపోయాయి. తెచ్చిన కొమ్మల్లో మూడు ఎండిపోయాయి. బతికింది ఇదొక్కటే.

ఆ మట్టిని అరచేతిలో పోసుకున్న రోజు నిజాముద్దీన్‌కు జహీరాబాద్ పక్కనున్న తన ఊరు గుర్తొచ్చింది. వేళ్ల సందున ఇసుకలా జారుతున్నా, రంగు మాత్రం ఊరి రేగడే. ఆ మాట కంపెనీలో విల్లాల లెక్క చూసే కాకినాడ సుధాకరరావుతో అన్నాడు.

"మన దక్కన్ నల్లనేల కూడా ఒకప్పుడు నిప్పులా పారి చల్లారిందేనయ్యా. మనుషులు పుట్టకముందు సంగతి," అన్నాడు సుధాకరరావు.

"గట్లయితే సారూ నేనూ ఒక్క ఊరోళ్లమే సార్. ఆయనింట్ల పొయ్యి ఇంకా ఆరలే, మాదారింది. గంతే ఫరకు."

గదిలో తోటివాళ్లు ఊరుకోలేదు. ఐదుపూటలా నమాజు చేసేవాడివి, శరాబు చెట్టుకు సేవేమిటని ఆటపట్టించారు. శరాబు చేసేది మనిషి, చెట్టు కాదని కొట్టిపారేశాడు. ఫోనులో భార్య సుర్రయ్యా నవ్వు ఇంకోరకం.

"దుబాయ్‌ల ద్రాక్షతోటలు గూడ ఉన్నయా?"

"తోట గాదు. ఒక్క తీగ."

"ఒక్క తీగకు ఒక మనిషా! మంచి దొర దొరికిండు నీకు."

ఆమెకు గల్ఫంతా దుబాయే, తోటలంటే మేడ్చల్ దారి తోటలే. పదేళ్ల వయసులో నిజాముద్దీన్ అక్కడ జహాంగీర్ ఉస్తాద్ కింద కత్తెర పట్టాడు. కోడిగుడ్డంత అని గొప్పలు చెప్పుకునే అనాబెషాహీ కాయలు, ఎకరాల కొద్దీ పందిళ్లు. హైదరాబాద్ పక్క ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. అక్కడి చలికి తీగ నిద్రపోదు, కత్తెరతోనే జోకొట్టాలి. తర్వాత తోటలు ప్లాట్లయ్యాయి. పందిరి గుంజలు పీకి హద్దురాళ్లు పాతారు. ఉస్తాద్ మంచం పట్టాడు. నిజాముద్దీన్ గల్ఫ్ విమానం ఎక్కాడు. పని అదే, మాలీ. కాకపోతే ఇక్కడ ఎవరివో ఇళ్లముందు పూలమొక్కలు.

పోయిన ఏప్రిల్‌లో సాల్వతోరే ఈస్టర్ పండుగకు వెళ్లాడు. తీగ చిగిర్చి కొమ్మకొమ్మకూ ఆవగింజల్లాంటి మొగ్గలు తొడిగింది. నిజాముద్దీన్ అవి చూశాడు. చూసి కూడా, ఏప్రిల్ కదా అని, ఉస్తాద్ నేర్పినట్టే కొమ్మకు రెండేసి కణుపుకళ్లు ఉంచి నున్నగా కోసేశాడు. గీకిన గడ్డంలా గోడ శుభ్రపడిందని మురిసిపోయాడు కూడా. తిరిగొచ్చిన సాల్వతోరే సూట్‌కేసు దించకుండానే నెత్తిన చెయ్యిపెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. తిట్టలేదు. ఎట్నా మీద కత్తిరింపు చలికాలంలో ఒక్కసారేననీ, వసంతంలో వచ్చే మొగ్గే ఆ ఏటి పంట అనీ సైగలతో చెప్పాడు. తిట్టి ఉంటే నిజాముద్దీన్‌కు కాస్త తేలికగా ఉండేది.

అందుకే ఈ ఏడు మార్చి ఆఖరున కత్తెర తీసుకుని ఫరీజ్ బిన్ మహమూద్‌లోని సుధాకరరావు ఇంటికి వెళ్లాడు.

"ఇది మీ తాన పెట్టుకోండ్రి సార్. ఏప్రిల్ ఒడిసెదాంక నేనడిగినా ఇయ్యకుండ్రి. నా చెయ్యి నా మాట ఇనదు."

మధ్యలో ఒకసారి నిజంగానే అడిగాడు. సుధాకరరావు ఇవ్వలేదు, మే వచ్చాకే తిరిగిచ్చాడు.

మధ్యాహ్నం ఆ సుధాకరరావే కారులో వచ్చాడు. ఫ్రిజ్, సోఫాలు, ఏసీలు చూసుకున్నాడు. ఇల్లు ఓనరుకు అప్పగించేస్తారట, పెరడంతా టైల్స్ పరుస్తారట.

"శనివారం నువ్వు రాస్ లఫాన్ క్యాంప్‌లో రిపోర్ట్ చెయ్యాలి నిజాముద్దీన్. అక్కడ మొక్కలేమీ లేవు. స్టోర్‌లో డ్యూటీ వేశారు."

"అచ్ఛా సార్."

"ఆ గుత్తి కోసిచ్చెయ్యకూడదూ? పెట్టెలో పెట్టుకు పోతాడు. పండకపోతే పోయె."

నిజాముద్దీన్ గట్టిగా తల అడ్డంగా తిప్పాడు. "పచ్చి గుత్తి కోసినోని చేతికి మల్ల తీగ లొంగదని మా ఉస్తాద్ అంటుండె సార్. నలభై ఏండ్లల్ల ఒక్కటి కొయ్యలే."

"తోటలు పోయి ప్లాట్లయ్యాయి, నువ్వు ఇకమీదట స్టోర్ బాయ్‌వి. అయినా ఉస్తాద్ ఆనలే! చింత చచ్చినా పులుపు చావలేదయ్యా నీకు," అని నవ్వి లోపలికి వెళ్లాడు సుధాకరరావు.

నిజాముద్దీన్‌కు నవ్వు రాలేదు. పొద్దు వాలేదాకా తీగ చుట్టూ తిరిగాడు. పచ్చికాయ కోసిన పాపం ఒకవైపు, మనిషిని ఉత్తచేతులతో పంపిన పాపం ఒకవైపు. రెండోదే బరువనిపించింది. సూట్‌కేసులు కారెక్కుతుంటే షెడ్డులోంచి కత్తెర తెచ్చి, గుత్తి తొడిమకు ఆనించాడు.

వెనకనుంచి ఒక లావాటి చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"నిజామ్, మాఫీ కటింగ్," అన్నాడు సాల్వతోరే. మాఫీ అంటే ఇక్కడి అరబీలో వద్దని. టోపీ పెట్టుకుని, కోటు వేసుకుని, చెమటలు కక్కుతున్నాడు. వాళ్లిద్దరి భాష నాలుగు భాషల కిచిడీ, ఇన్నేళ్లుగా దానితోనే గడిచింది.

ఆయన వంగి, ఎరుపు తిరిగిన కాయలు రెండు తుంచాడు. ఒకటి నిజాముద్దీన్ చేతిలో పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకున్నాడు. కొరికాడు. కళ్లు మూసుకుపోయాయి, దవడలు లోపలికి పోయాయి, భుజాలు చెవులదాకా లేచాయి. నిజాముద్దీన్ తన కాయ కొరికి చూశాడు. నాలుక పీక్కుపోయే పులుపు.

"సారీ సార్," అన్నాడు తలొంచుకుని.

సాల్వతోరే నవ్వుతున్నాడు. ఆ నవ్వులోనే కళ్లనీళ్లు కారుతున్నాయి. "సేమ్ సేమ్! మై పాపా గార్డెన్, సేమ్!" అంటూ, చిన్నపిల్లవాడి ఎత్తు చేత్తో చూపించాడు, గట్టు ఎక్కినట్టూ కాయ దొంగిలించినట్టూ నటించాడు, తండ్రి కొట్టిన చెంప తడుముకున్నాడు. మెల్లగా నిజాముద్దీన్‌కు అర్థమైంది. తోట పండేదాకా పిల్లలు ఏనాడూ ఆగలేదు. పండినదంతా వైన్‌కు పోయేది. తండ్రి తోట అంటే ఆయన నాలుకకు తెలిసింది ఈ దొంగపులుపు ఒక్కటే.

నిజాముద్దీన్ గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. "పోయిన ఏప్రిల్ల నేను కొయ్యకపోతే నిరుడే తినేటోనివి గద సారూ," అన్నాడు అచ్చ తెలుగులో. ఏడాదిగా అనలేని మాట. సాల్వతోరే అంతా తెలిసినట్టే తలూపి, ఇంకొక కాయ తుంచుకుని జేబురుమాలులో చుట్టుకున్నాడు. గుత్తిని చూపించి, వేలు నిజాముద్దీన్ ఛాతీకి ఆనించాడు. ఇది నీది.

బయట సుధాకరరావు హారన్ కొట్టాడు.

"మాసలామా, నిజామ్."

"ఖుదాహాఫిజ్ సార్."

కారు వెళ్లిపోయాక పెరట్లో పైపు చుట్ట చుట్టాడు. కత్తెర తుడిచి తన సంచిలో వేసుకున్నాడు. శనివారానికి తాను ఉండడు, గుత్తి పండేనాటికి ఇక్కడ టైల్స్ పనివాళ్లుంటారు. నేపాలీవాళ్లో, బెంగాలీవాళ్లో ఎవరో. వాళ్లకన్నా ముందు బుల్‌బుల్ పిట్టలు వస్తాయి. తలగుడ్డ విప్పాడు. పళ్లతో అంచు చింపి నాడా తీశాడు, మిగతాది సంచిలా మలిచి గుత్తికి తొడిగాడు. పైన విమానమేదో ఇంటికప్పులు అదిరేలా లేచింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో గడియకొకటి లేస్తుంది, ఆయనది లేచే వేళ ఇంకా కాలేదు. అతను తలెత్తకుండా ముడి వేయడం పూర్తిచేసి, గేటుకు తాళం పెట్టి వెళ్లాడు.

గోడ మీద తెల్లగుడ్డ సంచి వేలాడుతోంది, ఎవరు లాగినా ఒక్క లాగుకే విడిపోయే జారుముడితో.