చెమట చేతులు

సీమోను ఇత్తడి కొక్కేల దండను తొట్టిలోంచి పైకి లాగి, పక్కనున్న మంచినీళ్ళ తొట్టిలో ముంచాడు. ఎడమచేతి రబ్బరు తొడుగు చూపుడువేలి దగ్గర చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి తేజాబు, అంటే యాసిడ్ నీళ్ళు, లోపలికి పోతూనే ఉన్నాయి. పాతబస్తీలోని ఈ నికెల్ పాలిష్ కార్ఖానాలో ఇరవై రెండేళ్ళుగా అతని పని ఇదే. వేళ్ళ కొసల చర్మం ఉల్లిపొరల్లా లేస్తుంటుంది. చలికాలంలోనూ అరచేతులు చెమటతో తడిసే ఉంటాయి.

ఆ చేతులతోనే ఆదివారాలు కిషన్‌బాగ్ చర్చిలో గిటారు వాయిస్తాడు. వేరేవాళ్ళకు మూడు నెలలు వచ్చే తీగలు అతని దగ్గర పదిరోజులకే నల్లబడి, గరుకెక్కి, మూగబోతాయి. అతను చెయ్యని ఉపాయం లేదు. వాయించాక నూలుబట్టతో ఒక్కో తీగనూ పైనా కిందా తుడుస్తాడు. తేమ పీలుస్తుందని గిటారు సంచిలో బియ్యం మూట పెట్టాడు. పాత తీగల్ని విప్పి నీళ్ళలో మరిగిస్తే రెండు ఆదివారాలు బాగానే పలుకుతాయి, మూడో ఆదివారం పాట మధ్యలో తెగుతాయి.

కొత్త తీగలు ఎక్కించేది మాత్రం భిక్షపతే. పక్క తొట్టి దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేసినవాడు, చర్చిలో పాట ఎత్తుకునేవాడు. ఎందుకో అతని చేతులు ఎప్పుడూ పొడిగానే ఉండేవి. సీమోను ముట్టుకుంటే కట్టకముందే తుప్పు పడతాయని నవ్వుతూ లాక్కునేవాడు. తేజాబు పొగ అతని చేతుల జోలికి పోలేదు, ఊపిరితిత్తుల్లో చేరింది. ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉన్నాడు. ఇక ఇంట్లోనే చూసుకొమ్మని ఆసుపత్రివాళ్ళు పంపేశారు.

ఆ శనివారం మధ్యాహ్నం భిక్షపతి భార్య మాణిక్యమ్మ ఫోన్ చేసింది. గిటారు, కొత్త తీగలు తీసుకుని రమ్మంటున్నాడని, పొద్దున్నుంచీ అదే మాటని చెప్పింది. సీమోను వెళ్ళి యజమాని వైకుంఠాన్ని సెలవడిగాడు. పెళ్ళి మంటపం సామాను సాయంత్రానికి పంపాలని, తొట్టి దగ్గర ఇంకెవరున్నారని వైకుంఠం మెల్లగానే అడిగాడు. సీమోను తొట్టి దగ్గరికి తిరిగి వెళ్ళాడు. ఐదింటిదాకా కొక్కేలు ముంచుతూ, తీస్తూ ఉండిపోయాడు.

అతను గిటారు, తీగలు తీసుకుని వెళ్ళేసరికి భిక్షపతి దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. గిటారును ఒళ్ళో పెట్టించుకుని పాత తీగలు ఊడదీశాడు. ఒక్కో మర తిప్పడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. సీమోను చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఇటియ్యన్నా, నేను కడ్త."

"వద్దు. ఇవన్న జెర ఎక్కువ దినాలు ఉండనియ్యి."

ఆరు తీగలు కట్టేసరికి అరగంట దాటింది. మిగిలిన కొసల్ని పట్టకారతో కత్తిరించి, బొటనవేలితో ఒకసారి మీటాడు. గది నిండా మోగింది.

"రేపు పాట నువ్వే ఎత్తుకో."

"నాకేడ గొంతున్నదన్నా."

"ఉన్నంతల పాడు. పో, సబ్బు మంచిగ పెట్టి చేతులు కడుక్కొని రా. ఒక్కపారి వింట."

సీమోను వాకిట్లో నల్లా దగ్గర కూర్చుని రెండుసార్లు సబ్బు రుద్దాడు. తుండుతో తుడుచుకుని, తడి పూర్తిగా ఆరేదాకా చేతుల్ని గాలికి చాపి నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి భిక్షపతి తల పక్కకు వాలి ఉంది. ఛాతీ కదలడం లేదు. సీమోను రెండుసార్లు పిలిచాడు. వంటగదిలోంచి మాణిక్యమ్మ వచ్చి, చాయ్ గ్లాసు కింద పెట్టి, మంచం కోడు పట్టుకుని కూలబడింది. భర్త ఒళ్ళోని గిటారు వైపు చూస్తూ ఆమె అంది.

"విందామనే గద కట్టిండు. వాయించు సీమోనూ."

అతను వాయించాడు. పాట ఎత్తుకోవలసిన చోట నోరు తెరిచాడు కాని గొంతు రాలేదు. మళ్ళీ మొదటినుంచి వాయించాడు. అక్కడికి వచ్చాక మళ్ళీ ఆగిపోయాడు. అప్పటికే అరచేతులు తడిసిపోయాయి.

ఇరుగుపొరుగు వచ్చారు. భిక్షపతిని చాపమీదికి దించారు. దుప్పటి మడవబోయిన మాణిక్యమ్మ చెయ్యి ఆగింది. దాని ముడతల్లో, అతను కత్తిరించిన ఆరు తీగ కొసలు తళతళ మెరుస్తున్నాయి.