ముందు గుళికలు

ముందు గుళికల్ని తీయమన్నాడు కంట్రాక్టరు. అక్క తమ్ముడు ఇంకా ట్యాంకులోనే ఉన్నాడు.

ఫ్యాక్టరీలో అందరికీ ఆమె అక్కే. ఆమె పని బస్తాలు పట్టడం. బాయిలరు ఉప్పునీళ్లు తాగదు. తాగితే గొట్టాలు పెచ్చుకట్టి పగులుతాయి. అందుకని ట్యాంకు నిండా ఆవగింజలంత గుళికలు పోసి, నీళ్లను వాటి గుండా పంపుతారు. నీళ్లలో కరిగిన ఉప్పును గుళికలు లాక్కుంటాయి. నిండాక ఇక పట్టవు. యాసిడ్‌తో కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఆ కడుగునీళ్లు కాలవలోకి, కాలవలోంచి కూలీల బావిలోకి. బాయిలరుకు తేటనీళ్లు, మనుషులకు దాని కడుగునీళ్లు.

ఆ ఉదయం యాసిడ్ ఆవిరి పోకముందే, గుళికలు చదును చెయ్యమని తమ్ముణ్ణి లోపలికి దించారు. కాసేపు దగ్గు వినిపించింది. తర్వాత అదీ లేదు, గుళికల్లో కూరుకుపోయాడు.

"కింది మూత తీస్తే గుళికలతో పాటు మనిషీ బయటపడతాడు!" ఫిట్టరు పరిగెత్తాడు.

"ఆగరా! సరుకంతా కాలవపాలవుతుంది. బస్తాలు పట్టి కొద్దికొద్దిగా తియ్యి."

అక్క బస్తా పట్టింది. ఏళ్ల అలవాటు, చేతులు కంట్రాక్టరు మాటే విన్నాయి. చివరి బస్తాలోకి గుళికలతో పాటు తమ్ముడి చెయ్యి జారింది.

"తాగి దిగాడు," అన్నాడు కంట్రాక్టరు. "సాయంత్రానికల్లా ట్యాంకు నింపండి. బాయిలరు ఆగకూడదు."

కూలీలు శవం చుట్టూ కూర్చున్నారు.

"పని ఆపితే పొయ్యి ఆరిపోద్దమ్మా," అన్నాడు ముసలి హమాలీ.

"వెలిగి ఏం ఒరగబెట్టింది మామా? నా తమ్ముడికి నేనే బస్తా పట్టాను. రేపు నీ కొడుక్కి నువ్వు పడతావా?"

హమాలీ లేచాడు. బస్తా భుజానికెత్తుకున్నాడు. ట్యాంకు వైపు కాదు, గేటు వైపు నడిచాడు.

గేటు ముందు తడినేల మీద కూలీలంతా బస్తాలు కోసి ఒలకబోశారు. గుళికల మీద అడుగెత్తితే పడతారు, పాదం ఈడ్చాలి. కొత్త కూలీకి నేర్పే మొదటి పాఠం అది. కంట్రాక్టరు పిలిపించిన పోలీసులకెవరు నేర్పారు? బూట్లతో ఉరికొచ్చి బోర్లాపడ్డారు.

"నిదానం బాబూ, సరుకు పాడవుద్ది!" ఆడవాళ్లలోంచి ఎవరో అరిచారు. జనం పగలబడి నవ్వారు.

లేచినవాళ్లు ఆ నవ్వుకు కసి తీర్చుకున్నారు. ఫిట్టరు దవడ పగిలింది. అక్కను జుట్టు పట్టి, గుళికల మీదుగా ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు.

అప్పుడే కంట్రాక్టరు తెప్పించిన కొత్త కూలీల లారీ వచ్చి ఆగింది.

"దిగండి. ముందు గుళికలెత్తండి."

దిగినవాళ్లు గేటు లోపల గోనె కప్పిన శవాన్ని చూశారు.

"ఆ మనిషెవరు?"

"నా తమ్ముడు!" వ్యాను ఊచల్లోంచి అక్క అరిచింది. "గుళికలెత్తేదాకా వాణ్ణి తియ్యనివ్వలేదు! అడుగెత్తకండి, పడతారు. పాదాలు ఈడ్చుకుంటూ రండి!"

వాళ్లు పాదాలు ఈడ్చుకుంటూ వచ్చారు. ఒక్కరూ నేలకు వంగలేదు. కంట్రాక్టరును దాటి వెళ్లి, ముందు మనిషిని ఎత్తారు.